ఎవరిదీ కాని చోటు

న్యూయార్క్ నగరానికి ఉత్తరాన లెచ్‌వర్త్ విలేజ్ అని ఒక పెద్ద ప్రభుత్వ ఆశ్రమం ఉండేది. మందబుద్ధులని ముద్ర పడినవాళ్ళను అక్కడ ఉంచేవారు. రష్యా నుంచి వలస వచ్చిన ఒక పాథాలజిస్టు అక్కడ పనిచేసేవాడు. కుటుంబం కూడా ఆయనతోపాటు ఆ ఆవరణలోనే ఉండేది. నగరంలోని బాలల కోర్టులు అప్పుడప్పుడూ ఏ లోపమూ లేని పిల్లల్ని కూడా అక్కడికి పంపించేవి. ఆయన ఆ సంగతి కనిపెట్టి, కాగితాలు నడిపి, వాళ్ళను బయటపడేసే ఏర్పాటు చేసేలోపు కొన్ని వారాలు గడిచిపోయేవి. ఎనభై మంది ఉండే కాటేజీలో, ఇద్దరు మేట్రన్ల చూపు కింద ఆ కొన్ని వారాలూ గడిపిన పిల్లవాడికి, విడుదలకు ముందు తప్పనిసరైన తెలివితేటల పరీక్ష పెడితే మందబుద్ధి అనే తేలేది. ఇక వాడు అక్కడే ఉండిపోవాలి. అదే ఆశ్రమంలో పెద్దవాళ్ళయిన ఆడవాళ్ళు కొందరిని సిబ్బంది ఇళ్ళలో పనికి కుదిర్చేవారు. ఒక సంసారం మధ్య, పిల్లాపాపల మధ్య కొంతకాలం మెలిగాక వాళ్ళు మామూలు మనుషుల్లా తమ బతుకు తాము బతకగలిగేవారు.

ఈ రెండు మార్పుల్నీ కళ్ళారా చూస్తూ పెరిగిన ఆ పాథాలజిస్టు కొడుకు యూరీ బ్రాన్‌ఫెన్‌బ్రెనర్. 1917లో మాస్కోలో పుట్టి, ఆరో ఏట అమెరికా వచ్చి, తరవాత కార్నెల్ విశ్వవిద్యాలయంలో దశాబ్దాల తరబడి పిల్లల ఎదుగుదల గురించి పరిశోధించాడు. పేదింటి పిల్లల కోసం 1965లో అమెరికా మొదలుపెట్టిన హెడ్ స్టార్ట్ కార్యక్రమానికి రూపమిచ్చినవాళ్ళలో ఆయనొకడు. 1979లో వచ్చిన ఆయన పుస్తకం 'ది ఎకాలజీ ఆఫ్ హ్యూమన్ డెవలప్‌మెంట్' మనస్తత్వశాస్త్రం దృష్టిని పిల్లవాడి బుర్ర లోపలి నుంచి పిల్లవాడి చుట్టూ ఉన్న లోకం మీదికి మళ్ళించింది.

ఆయన సిద్ధాంతంలో పిల్లవాడి పరిసరాలు ఒకదానిలో ఒకటి ఇమిడే రష్యన్ బొమ్మల్లా ఉంటాయి. అన్నిటికన్నా లోపల ఉన్నది రోజూ ముఖాముఖి మెలిగే చోటు: ఇల్లు, తరగతి గది, స్నేహితుల గుంపు, హాస్టల్ గది. దీన్ని సూక్ష్మవ్యవస్థ అంటారు. పిల్లవాడు ఎన్నడూ అడుగు పెట్టకపోయినా అతని బతుకును తాకే చోట్లు బాహ్యవ్యవస్థ: తండ్రి ఫ్యాక్టరీలో షిఫ్టుల పట్టిక, విద్యాశాఖ కార్యాలయంలో టీచర్ల బదిలీల ఫైలు. వీటన్నిటినీ కమ్ముకుని కులం, ఆడామగా తేడా, కొడితేగాని చదువు రాదన్న నమ్మకం వంటివి స్థూలవ్యవస్థగా ఉంటాయి. కాలాన్ని కూడా ఆయన తరవాత చేర్చాడు. మొదటిదానికీ రెండోదానికీ నడుమ ఉన్నదాన్ని కావాలనే చివరికి ఉంచాను. ఇంటికీ బడికీ, బడికీ వీధికీ, తరగతికీ హాస్టల్‌కీ మధ్య ఉండే సంబంధాలే మధ్యవ్యవస్థ. పాఠ్యపుస్తకాలు దీన్ని ఒక్క వాక్యంలో దాటేస్తాయి. బడిలో హింసను అర్థం చేసుకోవాలంటే ఆగవలసింది ఇక్కడే అని నా అభిప్రాయం.

బడిలో ఏదైనా ఘోరం జరగ్గానే మనం అడిగే మొదటి ప్రశ్న "ఎవడు వాడు?" రెండోది "వాళ్ళ అమ్మానాన్నా ఎలాంటివాళ్ళు?" ఈ రెండు ప్రశ్నలతోనే అమెరికా కూడా చాలాకాలం కొట్టుకుంది. 1999 ఏప్రిల్ 20న కొలరాడోలోని కొలంబైన్ హైస్కూల్లో ఇద్దరు విద్యార్థులు పన్నెండు మంది తోటి విద్యార్థుల్ని, ఒక టీచర్‌ని కాల్చి చంపాక, అక్కడి సీక్రెట్ సర్వీసూ విద్యాశాఖా కలిసి 1974 నుంచి 2000 వరకు బడులమీద జరిగిన 37 దాడుల్ని పరిశీలించాయి. దాడి చేసినవాళ్ళు 41 మంది. వాళ్ళలో బాగా చదివేవాళ్ళున్నారు, తప్పినవాళ్ళున్నారు. ఒంటరివాళ్ళున్నారు, చుట్టూ స్నేహితులున్నవాళ్ళూ ఉన్నారు. దాడి చేయబోయే పిల్లవాడిని ముందే గుర్తుపట్టడానికి పనికొచ్చే నమూనా ఏదీ లేదని 2002లో వచ్చిన నివేదిక తేల్చేసింది. కాని అదే నివేదికలో ఇంకో మాట ఉంది. వంద దాడుల్లో ఎనభై ఒకటింటి సంగతి కనీసం ఒక్కరికైనా ముందే తెలుసు. తెలిసినవాళ్ళు చాలావరకు తోటి పిల్లలే. ఆ మాట పిల్లల లోకం నుంచి పెద్దల లోకానికి దాటలేదు. మధ్యవ్యవస్థ తెగిపోవడమంటే ఇదే.

అదే సంవత్సరం, 1999లో, రాన్ ఆవీ ఆస్టర్ అనే పరిశోధకుడు తన సహచరులతో కలిసి చాలా తేలికైన ప్రయోగం ఒకటి ప్రచురించాడు. అమెరికా మిడ్‌వెస్ట్‌లోని ఐదు హైస్కూళ్ళలో విద్యార్థులకూ టీచర్లకూ బడి పటం ఇచ్చి, హింస ఎక్కడ జరిగిందో, ఏ వేళ జరిగిందో గుర్తు పెట్టమన్నారు. మొత్తం 166 ఘటనలు పటాల మీద చేరాయి. ఆ 166లో ప్రతి ఒక్కటీ వరండాల్లో, భోజనశాలల్లో, పార్కింగ్ స్థలాల్లో, అంటే పెద్దవాళ్ళు సాధారణంగా లేని చోట్ల, లేని వేళల్లో జరిగినవే. టీచర్లతో మాట్లాడితే కారణం బయటపడింది. తరగతి గది నాది అని ప్రతి టీచరూ అనుకున్నారు. వరండా నాది అని ఎవరూ అనుకోలేదు. ఆ చోట్లకు ఆస్టర్ బృందం పెట్టిన పేరు 'ఎవరిదీ కాని చోట్లు'.

కెమెరాలూ కాపలాదార్లూ పెద్దగా పనిచేయడం లేదని ఆ పిల్లలు చెప్పారు. పనిచేసేదేమిటని అడిగితే, తమను పేరు పెట్టి పిలవగలిగి, గొడవ మధ్యకు రావడానికి వెనకాడని టీచరు అక్కడ ఉండటం అన్నారు. ఆ పైన బడికంతటికీ ఒకే రకమైన నియమం ఉండాలన్నారు. పదిహేనేళ్ళ పిల్లలు చెప్పిన ఈ మాటకు మించిన విధాన సూచనను ఈ విషయం మీద నేను చదవలేదు. ఆ తరవాత ఆస్టరూ, ఇజ్రాయెల్‌కు చెందిన రామీ బెన్‌బెనిష్టీ కలిసి అక్కడి బడుల్లో దేశవ్యాప్త సర్వేలు చేసి, 2005లో తమ పుస్తకంలో బ్రాన్‌ఫెన్‌బ్రెనర్ బొమ్మను కొద్దిగా మార్చి గీశారు. నడిమధ్యన పిల్లవాడి బదులు బడిని పెట్టారు. ఒకే రకం పేదరికం, ఒకే రకం వాడ ఉన్న రెండు బడుల్లో ఒకదానిలో హింస పెరిగి ఇంకోదానిలో తగ్గుతోందంటే, బయటి లోకాన్ని లోపలికి ఎంతవరకు రానిస్తున్నామన్నది బడి చేతిలో కూడా ఉందని అర్థం.

మన బడి పటం గీస్తే గుర్తులు ఎక్కడ పడతాయో ఊహించడానికి పరిశోధకుడే అక్కర్లేదు. మరుగుదొడ్ల వెనక, నీళ్ళ ట్యాంకు పక్కన, ఊరు దాటాక ఆటో వెనక సీట్లో, బస్టాపులో, హాస్టల్లో స్టడీ అవర్ ముగిసి దీపాలారిపోయే వేళ. ఇప్పుడు వీటికి తరగతి వాట్సాప్ గ్రూపు కూడా తోడైంది. అది బడిలోనిదని ఇల్లూ, ఇంట్లోదని బడీ అనుకుంటాయి.

చోట్లే కాదు, బాధ్యతలు కూడా ఎవరివీ కాకుండా పోతాయి. తమిళనాడులోని తిరునెల్వేలి జిల్లా నాంగునేరిలో 2023 ఆగస్టులో జరిగినదాన్ని చూడండి. పన్నెండో తరగతి చదువుతున్న ఒక దళిత విద్యార్థిని అదే బడిలో చదివే ఆధిపత్య కులం పిల్లలు వేధిస్తూ వచ్చారు. ఫిర్యాదు బడికి చేరింది. ఆ తరవాత వాళ్ళు కొడవళ్ళతో అతని ఇంటికే వెళ్ళారు. అడ్డం వచ్చిన చెల్లెల్ని కూడా నరికారు. ఇద్దరూ ప్రాణాలతో బయటపడ్డారు. వేధింపు బడిలో మొదలైంది, దాడి ఇంటి గడపలో జరిగింది, దానికి ఆయుధమూ ధైర్యమూ ఊరి కులవ్యవస్థ నుంచి వచ్చాయి. బ్రాన్‌ఫెన్‌బ్రెనర్ పొరలన్నీ ఒక్క రాత్రిలో ఒకదాన్నొకటి కోసుకుంటూ కనబడతాయి.

తమిళనాడు ప్రభుత్వం దీనిపై మద్రాసు హైకోర్టు విశ్రాంత న్యాయమూర్తి కె. చంద్రు ఆధ్వర్యంలో ఏకసభ్య సంఘం వేసింది. 'జై భీమ్' సినిమా ఆయన వాదించిన కేసు ఆధారంగా తీసిందే కాబట్టి తెలుగువాళ్ళకూ ఆయన తెలిసినవాడే. 2024 జూన్‌లో ఆయన ఇచ్చిన నివేదిక ఆ పిల్లల స్వభావాల జోలికి వెళ్ళి ఆగిపోలేదు. కులాన్ని చాటే రంగు రంగుల చేతిపట్టీలు బడిలోకి రాకూడదన్నాడు. పిల్లల్ని అక్షరక్రమంలో కూర్చోబెట్టమన్నాడు. బడుల పేర్లలో ఉన్న కులం మాటలు తీసేయమన్నాడు. చేతిపట్టీ చిన్న విషయమనుకుంటాం. కాని పెద్ద లోకంలోని కులాన్ని బెంచీ మీదికి మోసుకొచ్చేది అదే. స్థూలవ్యవస్థను ఒక్క జీవోతో మార్చలేం. అది పిల్లవాడి మణికట్టు దాకా వచ్చే దారిని మూయవచ్చు.

ఇక మన సంగతి. పిల్లలు ఒకరినొకరు కొట్టుకోవడం గురించి మాట్లాడే ముందు మనం ఒప్పుకోవలసింది ఒకటుంది. తెలుగు బడిలో హింసను మొదట నేర్పింది బడే. గోడకుర్చీ, గుంజీలు, తొడపాశం, పూర్వం కోదండం, ఇవన్నీ మన బోధనాపద్ధతుల్లో భాగాలుగా చెలామణి అయ్యాయి. "కళ్ళు రెండూ వదిలేసి చర్మం వలిచెయ్యండి మాస్టారూ" అని కొడుకును అప్పగించే తండ్రిని మనం ముచ్చటగానే గుర్తుచేసుకుంటాం. ఇంటికీ బడికీ మధ్య సంబంధం గట్టిగా ఉందనడానికి అదొక ఉదాహరణే. కాని ఆ సంబంధం పిల్లవాడికి వ్యతిరేకంగా కుదిరిన ఒప్పందం. బడిలో దెబ్బ తిన్న సంగతి ఇంట్లో చెబితే ఇంకో దెబ్బ పడుతుందని తెలిసిన పిల్లవాడు, రేపు తోటివాడు వేధించినా ఎవరికీ చెప్పడు.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2002లోనే విద్యానిబంధనలు సవరించి దేహశిక్షను నిషేధించింది. అదే ఏడాది యంగ్ లైవ్స్ అనే దీర్ఘకాలిక అధ్యయనం శ్రీకాకుళం, పశ్చిమగోదావరి, కడప, అనంతపురం, కరీంనగర్, మహబూబ్‌నగర్ జిల్లాల్లోనూ హైదరాబాదులోనూ సుమారు మూడువేల మంది పిల్లల్ని ఎంచుకుని వాళ్ళ ఎదుగుదలను గమనించడం మొదలుపెట్టింది. 2009లో వాళ్ళలో ఎనిమిదేళ్ళ వయసువాళ్ళను అడిగితే, గడిచిన వారంలో టీచరు కొట్టారని వందకు 78 మంది చెప్పారు. పదిహేనేళ్ళవాళ్ళలో 34 మంది చెప్పారు. ఆ వారంలో టీచరు ఎవరినైనా కొట్టడం చూశామన్న ఎనిమిదేళ్ళ పిల్లలు వందకు తొంభై పైనే. నిషేధం వచ్చి అప్పటికి ఏడేళ్ళు. ఆ ఏడాదే చేసిన విద్యాహక్కు చట్టంలోని 17వ సెక్షన్ దేశమంతటికీ అదే నిషేధాన్ని తెచ్చింది. చట్టం బాహ్యవ్యవస్థలో ఉంది, బెత్తం సూక్ష్మవ్యవస్థలో ఉంది. రెండింటినీ కలిపే పని ఎవరికీ అప్పగించలేదు.

టీచర్ల మీద నేరం మోపి ఊరుకోవడం న్యాయం కాదు. రెండు తరగతుల్ని ఒకే గదిలో కూర్చోబెట్టుకుని, మధ్యాహ్న భోజనం లెక్కలు రాసి, మరుగుదొడ్ల ఫొటోలు యాప్‌లో ఎక్కించి, ఉత్తీర్ణత శాతానికి జవాబు చెప్పుకునే మనిషికి బెత్తం దగ్గరిదారిగా కనబడుతుంది. అతని మీద పడే ఒత్తిడి కూడా పిల్లవాడి పరిసరాల్లో భాగమే. అయినా మార్పు సాధ్యమే. ఉగాండాలోని లువేరో జిల్లాలో రేజింగ్ వాయిసెస్ అనే సంస్థ 'గుడ్ స్కూల్ టూల్‌కిట్' పేరుతో టీచర్లతో, పిల్లలతో, బడి యాజమాన్యంతో, తల్లిదండ్రులతో ఒకేసారి పనిచేసింది. 42 బడుల్లో చీటీలు తీసి సగం బడుల్లోనే దాన్ని అమలుచేశారు. ఏడాదిన్నర తరవాత చూస్తే, గత వారం సిబ్బంది కొట్టారన్న పిల్లలు మామూలు బడుల్లో వందకు 49 మంది, కార్యక్రమం నడిచిన బడుల్లో 31 మంది. 31 కూడా ఎక్కువే. కాని పేద దేశంలో, నిండిపోయిన తరగతుల్లో వచ్చిన తేడా అది.

పిల్లల మధ్య వేధింపుల విషయంలో మొదటి పెద్ద ప్రయత్నం నార్వేలో జరిగింది. 1982 చివర్లో దేశం ఉత్తర కొసన పది నుంచి పద్నాలుగేళ్ళ మధ్య వయసున్న ముగ్గురు మగపిల్లలు ఆత్మహత్య చేసుకున్నారు. తోటి పిల్లల తీవ్రమైన వేధింపులే కారణమై ఉండాలని అందరూ భావించారు. మరుసటి ఏడు విద్యాశాఖ దేశవ్యాప్త ఉద్యమం ప్రారంభించింది. దాని వెనకున్న మనిషి డాన్ ఓల్వేయస్. లక్షా ముప్ఫైవేల మంది పిల్లల జవాబుల్ని ఆయన పరిశీలించాడు. పెద్ద బడుల్లోనే, పెద్ద తరగతుల్లోనే వేధింపులు ఎక్కువన్న నమ్మకం అందులో నిలవలేదు. కళ్ళద్దాలో లావో ఉన్న పిల్లలే బలవుతారన్నదీ నిలవలేదు. విరామ సమయంలో ఎంతమంది టీచర్లు ఆవరణలో ఉంటే వేధింపులు అంత తక్కువన్నది మాత్రం నిలిచింది. బెర్గెన్ నగరంలో 42 బడుల్లో సుమారు రెండున్నరవేల మంది పిల్లల్ని ఆయన రెండేళ్ళపాటు వెంబడించి చూశాడు. తరగతిలో పిల్లలే చర్చించి పెట్టుకున్న నియమాలు, విరామంలో పెద్దల ఉనికి, తల్లిదండ్రుల సమావేశాలు, వేధించినవాడితోనూ బలయినవాడితోనూ విడివిడిగా గట్టి సంభాషణ. వేధింపులు సగానికో, ఇంకా కిందికో దిగాయి. దొంగతనాలు, బడి సామాన్లు పగలగొట్టడం కూడా తగ్గాయి.

ఈ విజయాన్ని ప్రపంచమంతా చెప్పుకుంది. దాని పక్కనే ఉన్న రెండో ఫలితాన్ని తక్కువమంది చెప్పుకున్నారు. అదే దేశంలో, అదే ఉద్యమ సామగ్రి అందుకున్న రోగలాండ్ ప్రాంతపు బడుల్ని ఎర్లింగ్ రోలాండ్ అనే పరిశోధకుడు మూడేళ్ళ తరవాత పరిశీలించాడు. అక్కడ వేధింపులు తగ్గలేదు, మగపిల్లల్లో కాస్త పెరిగాయి కూడా. ఉద్యమాన్ని తమదిగా చేసుకుని శ్రమించిన బడుల్లో మాత్రం పరిస్థితి మెరుగ్గా ఉంది. పుస్తకాలూ వీడియోలూ రెండు చోట్లా అవే. బెర్గెన్‌లో బడుల వెంట నడిచిన మనుషులు రోగలాండ్‌లో అంతగా లేరు.

ముప్ఫై ఏళ్ళ తరవాత ఇదే పాఠం బిహార్‌లో ఇంకా స్పష్టంగా కనిపించింది. నలందా జిల్లాలోని 74 ప్రభుత్వ ఉన్నత పాఠశాలల్లో సంగత్ సంస్థకు చెందిన సచిన్ షిండే, విక్రమ్ పటేల్, వారి సహచరులు 'సెహర్' అనే ప్రయోగం నడిపారు. బడుల్ని మూడు గుంపులు చేశారు. ఒక గుంపులో ప్రతి బడికీ ఒక 'సెహర్ మిత్ర'ను ఇచ్చారు. ఈ మిత్ర మనస్తత్వశాస్త్ర నిపుణుడేమీ కాదు, తర్ఫీదు పొందిన స్థానికుడు. ప్రార్థన సమయంలో మాట్లాడటం, గోడపత్రిక నడపడం, పిల్లలు పేరు రాయకుండా తమ గోడు వేసుకునే పెట్టె తెరిచి చదవడం, పిల్లల బృందాలతో కూర్చోవడం, అవసరమైనవాళ్ళతో ఒంటరిగా మాట్లాడటం అతని పని. రెండో గుంపులో సరిగ్గా ఇవే పనుల్ని బడిలో ఉన్న ఒక టీచరుకు శిక్షణ ఇచ్చి అప్పగించారు. మూడో గుంపుకు అప్పటికే ఉన్న కిశోర విద్య పాఠాలు మాత్రమే.

2018లో 'లాన్సెట్' పత్రికలో వచ్చిన ఫలితాలు ఇవి. మిత్ర ఉన్న బడుల్లో వాతావరణం ఎంతో మెరుగైంది, వేధింపులూ హింసా తగ్గాయి, పిల్లల్లో కుంగుబాటు తగ్గింది. టీచరుకు అప్పగించిన బడుల్లో ఏ మార్పూ రాలేదు. మరో ఏడాది కొనసాగించి చూసినా అంతే. మిత్ర పనిచేసిన చోట ప్రయోజనం ఇంకా పెరిగింది.

టీచర్లు చెడ్డవాళ్ళయి ఇలా జరగలేదు. పాఠం చెప్పి, మార్కులు వేసి, బెత్తం పట్టుకునే మనిషికి పిల్లలు తమ గోడు రాసుకోరు. రాసినా చదవడానికి ఆ మనిషికి తీరిక లేదు. మిత్రకు తరగతి లేదు, సిలబస్ లేదు. వరండా, మైదానం, బడికీ ఇంటికీ మధ్య దూరం, ఎవరిదీ కాని చోటే అతని ఉద్యోగం.

పరిసరాలే అంతా అని దీనికి అర్థం తీయకూడదు. తన పుస్తకం చదివి పరిశోధకులు చుట్టూ ఉన్న లోకాన్ని వర్ణించడంలో పడి పిల్లవాడిని మరిచిపోయారని బ్రాన్‌ఫెన్‌బ్రెనరే 1980లలో బాధపడ్డాడు. ఒకే ఇంట్లో, ఒకే బడిలో పెరిగిన అన్నదమ్ములు ఇద్దరూ ఒకేలా ఉండరు. కొట్టినవాడు జవాబు చెప్పవలసిందే. పిల్లవాడికీ అతని దగ్గరి మనుషులకూ మధ్య రోజూ, ఏళ్ళ తరబడి నడిచే ఇచ్చిపుచ్చుకోవడమే ఎదుగుదలకు ఇంధనమని ఆయన చివరి రచనల్లో పదేపదే చెప్పాడు. 2005లో చనిపోయేదాకా ఆయన పట్టిన పట్టు అదే. నలందాలో మిత్ర చేసిన పని కూడా చివరికి అదే: ప్రతిరోజూ కనబడే, భయపెట్టని ఒక పెద్దమనిషితో మాట.

మన తెలుగు రాష్ట్రాలు రెండూ ర్యాగింగ్ మీద 1997 నాటి చట్టాన్ని, బడి దెబ్బల మీద నిషేధాన్ని, పిల్లల కోసం 1098 నంబర్‌ని కలిగి ఉన్నాయి. 2020 జాతీయ విద్యావిధానం బడులకు కౌన్సెలర్లు, సామాజిక కార్యకర్తలు కావాలని రాసింది. కాగితం మీద కొరత లేదు. కొరత మనుషులది. గురుకులాల్లో, సంక్షేమ హాస్టళ్ళలో, ఇంటర్ పిల్లల్ని వందల్లో కుక్కే ప్రైవేటు క్యాంపస్‌లలో తల్లిదండ్రులు నెలకోసారి కనబడతారు, వార్డెన్‌కు హాజరు లెక్క చాలు. అక్కడ పిల్లవాడికీ ఇంటికీ మధ్య ఉన్న ఖాళీ రాత్రంతా ఉంటుంది. మొదటి నియామకాలు అక్కడే జరగాలి. ఊళ్ళో డిగ్రీ చదివి ఉద్యోగం కోసం చూస్తున్న యువతీయువకులు ప్రతి మండలంలో ఉన్నారు. కొంత తర్ఫీదు, నెలనెలా జీతం, వాళ్ళ పనిని చూసే ఒక అనుభవజ్ఞుడు ఉంటే చాలని నలందా చూపించింది. పాఠశాల యాజమాన్య కమిటీలో కూర్చునే తల్లులూ తండ్రులూ వచ్చే సమావేశంలో రంగులూ బెంచీలూ అడిగాక, ఈ ఒక్క మనిషిని కూడా అడగండి. తీర్మానం రాయించండి. ఆ ఉద్యోగిని ఇంకో పనికి, ఇంకో యాప్‌కు మళ్ళించకుండా కాపాడండి.